వెనక బల్ల నుంచి పిలుపు

నా చిన్నప్పుడు శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో మోటారు చప్పుడు వినబడితే, అది ఎవరి బండో తలెత్తి చూడకుండానే చెప్పేవాళ్లం. ఉన్నవే రెండో మూడో. వాటిలో మాకు బాగా తెలిసింది మిషన్ దవాఖాన వాళ్లది. కాగితాల్లో దాన్ని స్టేషన్ వ్యాగన్ అని రాసేవారు. ఊళ్లో మాత్రం అందరూ దవాఖాన బండి అనేవారు. దాన్ని నడిపేది మా మేనమామ, మా అమ్మకు సొంత తమ్ముడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. నాకు పదేళ్లు.

నేను ముప్పై నాలుగేళ్లు బ్రేకు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. ఆ వ్యాగన్ తర్వాత దాని వంశంలో పుట్టిన బండ్లు చాలావరకు నా చేతుల మీదుగానే రోడ్డెక్కాయి. దేని పొడవెంత, దేని మెట్టు ఎంత ఎత్తు, దేనికి బ్రేకు ఎక్కడ పడుతుంది అన్నవన్నీ డైరీల్లో రాసుకున్నాను. మొట్టమొదటి బండిని మాత్రం నేనెప్పుడూ కొలవలేదు. కళ్లు మూసుకుంటే ఈనాటికీ దాని బల్ల అంచు నా మోకాలి వెనక ఒత్తుకుంటుంది.

యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు అమ్మేసిన జీపు అది. ముందు భాగం అలాగే ఉంచి, వెనక వైపు వడ్రంగి చేత టేకు చెక్కలతో చిన్న గది కట్టించారు. రెండు పక్కలా బల్లలు, కిటికీలకు గుడ్డ తెరలు, వెనక కిందికి వాలే పలక. రోగిని పడుకోబెట్టాలంటే ఎడమ బల్ల మీద బొంత పరిచేవారు. ఆ వడ్రంగికి ఇళ్లు కట్టడమే తెలుసు, మోటార్ల సంగతి తెలియదు. కాబట్టి డ్రైవరుకూ వెనక కూర్చున్నవాళ్లకూ మధ్య నిండుగా చెక్కగోడ పెట్టేశాడు. ఇంజను రొదలో, చెక్కల కిరకిరలో వెనక నుంచి గొంతు చించుకున్నా ముందుకు వినబడేది కాదు.

మా మామ దానికి తనకు తోచిన ఉపాయం చేశాడు. గోడకు ఒక బెజ్జం పొడిచి, అందులోంచి తాడు దూర్చి, ముందు కొసను తన ఎడమ భుజానికి కట్టుకునేవాడు. వెనక కొస రోగితో వచ్చినవాళ్ల చేతిలో ఉండేది. ఒకసారి లాగితే ఆపాలి. ఆ బండిలో వెనకవాళ్ల మాట ముందుకు చేరే దారి అదొక్కటే.

ఆదివారం చర్చి అయ్యాక ఒక్కోసారి మామ పిల్లలం నలుగురిని ఎక్కించుకుని కొంతదూరం తిప్పి తెచ్చేవాడు. అలాంటి ఒకనాడు పట్నం దారిలో గగన్‌పహాడ్ ఎత్తు మీద నేను ఊరికే తాడు లాగాను. మామ ఆపాడు. ఇంజను ఆగిపోయింది. బ్యాటరీ ఎప్పుడూ అంతంతమాత్రమే, ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి. ఎత్తు మీద ఆయన హ్యాండిల్ తిప్పుతుంటే బండి వెనక్కి జారేది. చివరికి దారినపోయే వాళ్లు దిగువకు తోస్తే గానీ లేవలేదు. మామ నన్ను కొట్టలేదు. చెమట తుడుచుకుంటూ, "అల్లుడా, ఇది నీ లెక్కనే. కూసుంటే లేవదు" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి నవ్వకుండా చెప్పాడు. "ఎత్తు దాటేదాంక తాడు ముట్టకు. ఎవ్వలు జెప్పినా ముట్టకు. ఇది ఆగిందంటే లోపటున్న మనిషి గతేంది?" ముట్టనని ఆయన చేతిలో చెయ్యి వేశాను.

ఆ ఎండాకాలం మా చిన్నమ్మ పురిటికి మా అమ్మమ్మ ఇంటికి వచ్చింది. మా అమ్మకు చెల్లెలు, మా మామకు అక్క. ఏడాది తేడానే కాబట్టి వాళ్లిద్దరూ ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని పెరిగారట. ఆడపిల్ల పుట్టింది. రెండు వారాలు బాగానే ఉంది. తర్వాత జ్వరం పట్టుకుంది. చిన్నమ్మ భర్త రైల్వేలో ఎక్కడో దూరాన ఉన్నాడు. ఊళ్లో మందులు పనిచేయలేదు. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోవడానికి పొద్దున్నే మామ బండి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. పసిబిడ్డను చూసుకోవడానికి మా అమ్మ ఇంట్లో ఉండిపోయింది. అమ్మమ్మ బల్ల మీద కూర్చుని చిన్నమ్మ తల ఒళ్లో పెట్టుకుంది. కుదుపులకు జారిపోకుండా రెండు చేతులా పట్టుకోవాలి కాబట్టి, నీళ్ల కూజా పట్టుకోవడానికి నన్ను ఎక్కించారు. కూజాను మోకాళ్ల మధ్య ఇరికించుకుంటే చేతులు ఖాళీగా ఉన్నది నాకే. తాడు కూడా నాకే ఇచ్చారు.

గగన్‌పహాడ్ దాకా చిన్నమ్మ కళ్లు మూసుకునే ఉంది. ఆమె పాదాలు నా మోకాలికి తగులుతున్నాయి. బట్ట మీంచి కూడా వేడి తెలుస్తోంది. ఎత్తు మొదలై ఇంజను మూలగడం మొదలుపెట్టాక కళ్లు తెరిచింది. పెదవులు కదిలాయి. అమ్మమ్మ వంగి చెవి దగ్గర పెట్టింది.

"ఏందో చెప్తుంది. పిల్ల, పిల్ల అంటుంది. ఇనవడ్తలేదు గీ చప్పుడుకు. ఆపుమను పోరగా, తాడు గుంజు!"

ఎత్తు ఇంకా సగం ఉంది. నేను కుడిచేత్తో తాడు లాగాను. ఎడమచేత్తో మాత్రం బెజ్జం దగ్గర దాన్ని గట్టిగా బిగించి పట్టుకున్నాను, లాగింది ముందుకు చేరకుండా. అమ్మమ్మకు నా కుడిచెయ్యి ఒక్కటే కనబడుతోంది. "మల్ల గుంజు" అంది. మళ్లీ అలాగే చేశాను. మూడోసారీ అలాగే చేశాను. ఒట్టు పెట్టుకున్న మాట ఒకవైపు, అమ్మమ్మ మాట ఒకవైపు. పదేళ్ల బుర్రకు ఆ రెంటినీ ఒకేసారి నిలబెట్టే దారి అదొక్కటే తోచింది. చిన్నమ్మ పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆమె అమ్మమ్మను చూడలేదు, నన్ను చూసింది. నా ఎడమచేతిని చూసిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

బండి చదునుకు వచ్చిన క్షణాన నిజంగా లాగాను. వెంటనే ఆగింది. ఇంజను ఆగాక ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దం నాకింకా గుర్తుంది. గుట్టల్లో ఎక్కడో రాళ్లు కొట్టేవాళ్ల సమ్మెట దెబ్బలు ఎంతో స్పష్టంగా వినిపించాయి. గుసగుసలాడినా వినబడేంత నిశ్శబ్దం. కానీ ఆ పెదవులు అప్పటికే ఆగిపోయాయి.

మామ పరుగున వచ్చి వెనక పలక దించాడు. అమ్మమ్మ ఆయన మీద పడింది.

"మూడుసార్లు గుంజిండురా పోరడు! మూడుసార్లు! నీ చెయ్యి సచ్చిందా? బిడ్డ గురించి ఏందో చెప్పవట్టె నా తల్లి. ఒక్క మాట. ఆ ఒక్క మాట ఇననియ్యకపోతివి కదరా!"

మామ నావైపు తిరిగాడు. తాడు ఇంకా నా ఎడమచేతిలోనే ఉంది. అరచేతిలో దాని అచ్చు ఎర్రగా పడింది. ఆయన ఆ చేతిని చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. తర్వాత వాళ్లమ్మతో, "తెల్సిందవ్వా. ఎత్తు మీద ఆపితే లేవదని నేనే ఆపలె" అన్నాడు.

పురిటి జ్వరం రక్తంలోకి దిగిపోయిందనీ, ఇంకో గంట ముందు తెచ్చినా దక్కేది కాదనీ పట్నం దవాఖానలో చెప్పారు. ఆ మాట అందరికీ కాస్త ఊరట ఇచ్చింది, ఒక్క అమ్మమ్మకు తప్ప. ఆమె అడుగుతున్నది ప్రాణం గురించి కాదు, మాట గురించి.

మట్టి చేసిన మర్నాడు మామ నన్ను బండి షెడ్డుకు పిలిచాడు. ప్రతి ప్రయాణానికీ ఒక పుస్తకంలో రాయాలి. ఎక్కడ బయలుదేరింది, ఎక్కడ ఆగింది, ఎవరి కోసం వెళ్లింది. మామకు రాత సరిగా రాదు కాబట్టి ఎవరో ఒకరి చేత రాయించేవాడు. ఆరోజు పెన్సిల్ నా చేతికిచ్చి, "రాయి అల్లుడా. ఎత్తు మీద ఆపుమని తాడు గుంజినరు, డ్రైవర్ ఆపలేదు, అని రాయి" అన్నాడు.

"మామా, నేను..." అన్నాను.

"నాకెర్కేరా. బుజానికి కట్టుకున్నోణ్ని నాకెర్క లేదా? ముట్టొద్దన్నది నేను. ముట్టకుంటివి. ఇగ నువ్వు జేసిన తప్పేంది? రాయి."

"అమ్మమ్మ నిన్ను..."

"తిడ్తది. తిట్టనీ. నేను మోస్త. నీ బుజాలింకా చిన్నయి."

రాశాను. ఒక రోజు గడిచిన తీరును కాగితం మీద పెట్టడం నాకు అదే మొదలు. తర్వాత ఆ అలవాటు ఇప్పటిదాకా పోలేదు. యాభైకి దగ్గరగా డైరీలు ఉన్నాయి నా దగ్గర. అన్నింటికంటే ముందు నేను రాసిన వాక్యం మాత్రం అబద్ధం.

దవాఖాన పెద్దలు ఆ పేజీ చదివి మామను ఆరు నెలలు బండి నుంచి దించేశారు. తోటకు నీళ్లు పోసే పని ఇచ్చారు. నేను బడికి పోతుంటే కంచె అవతల బకెట్టుతో కనిపించేవాడు. నన్ను చూస్తే చేత్తో నీళ్లు చిలకరించి నవ్వేవాడు. నేను తల వంచుకుని పోయేవాణ్ని. ఇంట్లో అమ్మమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, కానీ తినమని నోటితో అనేది కాదు. కంచం అంచు మీద గరిటెతో ఒక దెబ్బ కొట్టేది. ఆ చప్పుడుకు మామ వచ్చి పీట మీద కూర్చునేవాడు. ఆమె పోయేదాకా, పదిహేనేళ్లు, ఆ ఇంట్లో తల్లి కొడుకును పిలిచిన పిలుపు అదే.

చిన్నమ్మ కూతురిని అమ్మమ్మే పెంచింది. నాకు చెల్లెలు వరస. ఆ పిల్లకు ఊహ తెలిసిన నాటి నుంచీ ఒకే కథ తెలుసు. మీ అమ్మ నీ గురించి ఏదో చెప్పబోయింది, మీ మామ బండి ఆపలేదు, మేం వినలేకపోయాం. ఆమె కూడా ఆయనతో మాట్లాడేది కాదు. ఎదురైతే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేది.

ఇంతలో చెక్కబండి కాలం అయిపోయి దవాఖానకు రెండో వ్యాగన్ వచ్చింది. ఇది మన దేశంలోనే ఫ్యాక్టరీలో తయారైంది. ఒళ్లంతా ఇనుము, కిటికీలకు అద్దాలు, మెత్తటి సీట్లు, రెండు పక్కలకూ తెరుచుకునే వెనక తలుపు. డ్రైవరు వెనక గోడ స్థానంలో పక్కకు జరిగే అద్దం పెట్టారు. అద్దం జరిపి పిలిస్తే వినబడేది, జరపకపోతే లేదు. మొదటి బండికంటే అది చాలా నయం. అయినా అది తెరవాలా వద్దా అన్నది మనిషి చేతిలోనే ఉండేది.

చెల్లె పెళ్లికి దవాఖాన వాళ్లు ఆ బండిని చర్చి దాకా ఇచ్చారు. మామ తెల్లవారుజామునే లేచి కడిగి, ముందు అద్దానికి బంతిపూల దండ కట్టి, ఇంటి ముందు నిలబెట్టి, తలుపు తెరిచి పట్టుకున్నాడు. పెళ్లికూతురు బయటికి వచ్చి బండిని చూసింది, ఆయన్ను చూసింది. పక్కింటివాళ్ల ఎడ్లబండి అడిగి తెప్పించుకుని దానిలో ఎక్కింది. అక్కడున్న అందరికీ కథ తెలుసు. మామ తలుపు మెల్లగా మూశాడు. వెళ్లిపోతాడనుకున్నాను. ఎడ్లబండి వెనకాలే, ఎద్దుల నడకకు తగినట్టు, ఖాళీ వ్యాగన్‌ను మొదటి గేరులో చర్చి దాకా నడిపాడు. నేను ఆయన పక్క సీట్లో ఉన్నాను. నాకప్పటికే ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు. భుజాలు చిన్నవని ఎవరూ అనలేరు. దారి పొడవునా నోరు తెరవలేదు. మామే ఒకసారి, "ఇంజన్ వేడెక్కుతుందిరా గిట్ల మెల్లగ నడిపితే" అన్నాడు. అంతే.

ఉద్యోగంలో నాకొక పద్ధతి ఉండేది. బ్రేకులు, లైట్లు, టైర్లు అన్నీ చూశాక, డ్రైవరును ఇంజను నడుపుతూ ఉండమని చెప్పి, నేను చిట్టచివరి సీట్లో కూర్చుని మామూలు గొంతుతో ఏదో ఒకటి అనేవాణ్ని. ఏమన్నానో డ్రైవరు చెప్పాలి. చెప్పలేకపోతే గోడకు సందు పెట్టించమనేవాణ్ని. ఆ పరీక్ష ఏ రూల్సులోనూ లేదు. డ్రైవర్లు చాటున నవ్వుకునేవారని తెలుసు. "సారుకు బ్రేకు పడకున్నా ఫరవాలేదు, ముచ్చట వినవడాలె" అని ఒకడు అనడం నా చెవినే పడింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్నో నాకు తెలియదు.

ఇక మూడో తరం బండి. ఈ తొంభైల్లో రోడ్డంతా అవే. పొడుగ్గా, నున్నగా, తొమ్మిది మంది కూర్చునేలా ఉంటాయి. చివర రెండు చిన్న బల్లలు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, ఆ చెక్కబండి పోలిక ఇంకా పోలేదు. కీ తిప్పితే చాలు లేస్తుంది. ఎత్తు మీద ఆపినా లేస్తుంది. మధ్యలో గోడ లేదు, అద్దం లేదు, అంతా ఒకటే గది. చెల్లె కొడుకు పోయిన ఏడాది అలాంటిదొకటి కొని శంషాబాద్ నుంచి ఆరాంఘర్‌కు షేరింగ్ నడుపుతున్నాడు. నాకు అల్లుడు వరస. కొన్న మొదటి రోజే నాకు చూపించడానికి తెచ్చాడు. చివరి బల్ల మీద కూర్చుని నెమ్మదిగా ఒక మాట అన్నాను. ముందు నుంచి వెంటనే జవాబిచ్చాడు. దిగి డైరీలో రాసుకున్నాను.

పోయిన చలికాలం మామకు ఆయాసం ఎక్కువైంది. డెబ్బై మూడేళ్లు. మా వీధికి రెండు సందుల అవతల కొడుకు దగ్గర ఉండేవాడు. ఆరోజు పొద్దున ఆ కొడుకు డ్యూటీకి పోయాడు. నేను ఫోన్ చేస్తే మా అల్లుడు బండి తెచ్చాడు. మైలార్‌దేవ్‌పల్లిలో చుట్టాలింటికి పోతున్న చెల్లె అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉంది. మామను చేతుల మీద తెచ్చి చివరి బల్ల మీద పడుకోబెడుతుంటే ఆమె దిగలేదు, తల కూడా తిప్పలేదు. నేను ఆయన కాళ్ల దగ్గర ఎదురు బల్ల మీద సర్దుకున్నాను.

"ఏంది మామా, ఎన్క కూసున్నవ్? మల్ల చెకింగా?" అన్నాడు అల్లుడు.

"పోనీరా" అన్నాను.

మామ కాసేపు బండి కప్పు వంక చూసి, "ఏం బండిరా ఇది, చప్పుడే లేదు. నడుస్తుందా, నిలవడ్డదా?" అన్నాడు. అల్లుడు గట్టిగా నవ్వాడు. చెల్లె నవ్వలేదు.

గగన్‌పహాడ్ దగ్గర ఎత్తు ఇప్పుడు తెలియదు. గుట్టను తొలిచి రోడ్డు వెడల్పు చేశారు. అవతల ఎక్కడో విమానాశ్రయం వస్తుందట, భూములు కొలుస్తున్నారట. గేరు మార్చకుండానే బండి ఎక్కిపోతోంది. అక్కడే మామ పెదవులు కదిలాయి. నేను వంగేలోపలే ముందు నుంచి చెల్లె గొంతు వినబడింది.

"ఆపురా. నీళ్లు గావాల్నట తాతకు."

అల్లుడు బండిని పక్కకు తీసి ఆపాడు. ఆయన గురించి ఆమె నోటి నుంచి నేను విన్న మొదటి మంచి మాట అది. సీసా మూత తీసి నీళ్లు తాగించాను. ఆ వయసులో, ఆ చోట, ఆ జబ్బుతో ఆయన పోతే, బండి ఆపనివాడిగానే పోతాడు. ఆమె అలాగే నమ్ముతుంది. ఇక నేను ఎప్పుడు చెప్పినా ప్రయోజనం ఉండదు.

"చెల్లె" అన్నాను. "ఆనాడు మామకు తాడు తగల్లేదు. నేను గుంజలె. గుంజినట్టు జేసిన."

ఆమె వెనక్కి తిరిగింది. అల్లుడు ఇంజను ఆపేశాడు. అందరికంటే ముందు మామ అందుకున్నాడు. ఆయాసంలోనే చెయ్యి ఎత్తి ఊపాడు.

"వాని మాట ఇనకు బిడ్డా. రిటైరైనంక మతి జారింది వానికి. వట్టిగ కూసుండి ఏందేందో యాదికి దెచ్చుకుంటుండు."

"మామా, ఇగ చాలు" అన్నాను.

"అమ్మమ్మ సూసిందంట గదా, మూడుసార్లు గుంజినవని" అంది చెల్లె.

"కుడి చెయ్యి సూసింది. ఎడమ చెయ్యి సూడలె."

భుజం మీది తువ్వాలు తీసి, సీటు కమ్మీ చుట్టూ తిప్పి, ఎలా చేశానో చేసి చూపించాను. అరవై ఏళ్ల మనిషిని, రోడ్డు పక్కన ఆగిన బండిలో, పదేళ్ల పిల్లవాడి మోసాన్ని మళ్లీ మొదటి నుంచి చేసి చూపించాను. మూడుసార్లు. ఆమె మూడుసార్లూ చూసింది. మామ కళ్లు మూసుకున్నాడు. ఆయన కంటి కొస నుంచి నీళ్లు చెవిలోకి జారాయి.

చెల్లె దిగింది. చుట్టూ తిరిగి వచ్చి వెనక తలుపు తెరిచింది. "నువ్వు ముందట కూసో అన్నా" అంది. గొంతులో కోపం లేదు. ఇంకేమీ లేదు. నేను దిగి ముందుకు వెళ్లాను. ఆమె ఎక్కి మామ తల ఒళ్లో పెట్టుకుంది. బండి కదిలింది.

ఆ బండిలో వెనక మాటలు ముందుకు వినబడతాయని చెప్పాను కదా. అన్నీ వినబడ్డాయి.

"మామా, మా అమ్మ ఎట్లుండె?"

ఆయాసపడుతూనే మామ మొదలుపెట్టాడు. నవ్వితే ఎడమ చెంప ఒక్కదాని మీదే సొట్ట పడేదట. చర్చిలో కావాలని రాగం తప్పి పాడి, పక్కన నిలబడ్డ ఈయన్ను నవ్వించి, తిట్లు మాత్రం ఈయనకే తినిపించేదట. చింతకాయ ఉప్పులో అద్దుకుని దుప్పట్లో దూరి తినేదట. దవాఖాన బండి కొత్తగా వచ్చిన రోజు ఈయన టోపీ లాక్కుని తల మీద పెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చుందట. "ఆ రబ్బరు హారను మొదలు కొట్టింది నేను గాదు బిడ్డా, మీ అమ్మనే. ఊరు ఊరంత ఉరికొచ్చింది." వెనక చెల్లె నవ్వింది. ఆమెను పుట్టినప్పటి నుంచి ఎరుగుదును. ఆ నవ్వు ఎన్నడూ వినలేదు.

ఆరాంఘర్ దాటాం, పట్నంలోకి వచ్చాం, దవాఖాన గేటు కనబడింది. మామ ఇంకా చెబుతూనే ఉన్నాడు. లోపలికి తీసుకెళ్లాక ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ తొడిగారు. తర్వాత తొమ్మిది రోజులున్నాడు గానీ ఒకటి రెండు ముక్కలు తప్ప మాట్లాడలేకపోయాడు. చెల్లె తొమ్మిది రోజులూ ఆయన మంచం దగ్గరే ఉంది.

ఇన్నేళ్లూ నేను ఆమెకు ఒక్క వాక్యం దక్కకుండా చేశాననుకున్నాను, చిన్నమ్మ ఆ ఎత్తు మీద అన్నదేదో అదొక్కటి. ఆ చలికాలం పొద్దున ముందు సీట్లో కూర్చున్నప్పుడు తెలిసింది. వాళ్లమ్మతో జుట్టు పట్టుకుని పెరిగిన మనిషి కళ్ల ముందే ఉన్నా, నలభై తొమ్మిదేళ్లు ఆమె ఆయన్ను ఒక్క ముక్క అడగలేదు. నా మూలాన అడగలేదు. చివరికి ఆమెకు దక్కింది గగన్‌పహాడ్ నుంచి దవాఖాన గేటు దాకా, ఒక అరగంట. మామ నా బరువు మోశాడని నేననుకున్నాను. ఆయనతో పాటు ఆ పిల్ల కూడా మోసింది. ఆ సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

చెల్లె నన్ను తిట్టలేదు. ఇంటికి రావద్దని అనలేదు, రమ్మనీ అనలేదు. చిన్నమ్మతో నాకూ పదేళ్ల పరిచయం ఉంది. ఆనాటి తర్వాత ఆమె పేరు నేను ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తితే మాట ఆ ప్రయాణం దాకా వస్తుందని భయం. మామను మట్టి చేసిన వారం, కూర్చుని డైరీలో ఒక జాబితా రాశాను. పదేళ్ల పిల్లవాడికి చిన్నమ్మ గురించి నిజంగా గుర్తున్నవి ఎన్ని. అనుమానం ఉన్నవి కొట్టేశాను. ఇతరులు చెప్పగా విన్నవి కొట్టేశాను. ఇరవై మూడు మిగిలాయి. అప్పటి నుంచి ఆదివారం ఆరాధన అయ్యాక చెల్లె ఇంటికి వెళ్తున్నాను. గడప ఇవతల కుర్చీలో కూర్చుని ఒక్కటి చెబుతాను, లేచి వచ్చేస్తాను. ఆమె తన పనిలో తాను ఉంటుంది.

మొన్న ఆదివారం, చిన్నమ్మ నన్ను చంకనేసుకుని వాగు దాటించిన సంగతి చెప్పాను. చెల్లె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "గప్పుడు అమ్మ ఏ చీర గట్టుకున్నది?" అంది.

ఇన్ని వారాల్లో ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నాకు గుర్తు లేదు. ఆకుపచ్చ అంటే సరిపోయేది. ఎవరికీ నష్టం లేదు, ఆ రంగును ఆమె బతికినంత కాలం దాచుకునేది. నోటి దాకా వచ్చింది కూడా.

"యాదికి లేదు చెల్లె" అన్నాను.

ఆమె చేటను మరోసారి చెరిగి, మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. నేను లేచి వచ్చేశాను. జాబితాలో ఇంకా నాలుగు ఉన్నాయి.